పెడలు మెత్తబడినచో

బ్రేకు పెడలు దూదిని తొక్కినట్లు లోనికి దిగిపోవుచు, రెండు మూడు మార్లు తొక్కినంతనే గట్టిపడి మనలను నమ్మించుచుండుటచే, ఈ ఉదయము కారును మెకానిక్కు షెడ్డుకు తీసికొనిపోతిని.

మేస్త్రి ఆయిలు మట్టము చూచి, గొట్టములన్నియు తడిమి, ఎచ్చటను కారుట లేదని నిశ్చయించుకొనిన పిమ్మట, కుర్రవానిని సీటులో కూర్చుండబెట్టి, తాను వెనుక చక్రము కడ చేరి, గాలి తీయు నిపులుకు సన్నని ట్యూబు తగిల్చెను.

"తొక్కరా... అట్లే పట్టు."

నిపులు వదులు చేయగా ట్యూబులో బుడగలు వరుసగా బయలుదేరినవి. దానిని మరల బిగించిన తరువాతనే "ఇప్పుడు వదులు" అనెను. ముందుగా వదలినచో గాలి తిరిగి లోనికి చొచ్చును గదా.

ద్రవము ఒత్తిడికి కుంచించుకొనదు గనుకనే పాదబలము చక్రము దాక చేరుచున్నది. చిక్కుకొనిన గాలి ఆ బలమును తానే మ్రింగివేయును.

తేమ వలన వేరొక ప్రమాదము గలదు. క్రొత్తదైనప్పుడు కనీసము 230 డిగ్రీల సెల్సియస్ దాక మరగకుండవలసిన డాట్ 4 రకపు బ్రేకు ఆయిలు, గాలిలోని తేమను పీల్చిన పిదప 155 డిగ్రీల ప్రాంతముననే మరుగవచ్చును; అట్లు పుట్టిన ఆవిరియు గాలివలెనే బలమును మ్రింగును. శ్రీశైలము ఘాటు వంటి దిగుడు దారిలో ఎడతెగక బ్రేకు వేయువారికి ఇది ప్రాణసంకటము.

మైలేజీని గూర్చి ఇంతగా విచారించు మనము, మన ప్రాణములతోపాటు ఎదురువచ్చు అపరిచితుల ప్రాణములను గూడ మోయుచున్న ఈ గుప్పెడు ద్రవమును ఏల విస్మరింతుము?

మిత్రులారా, మీ బ్రేకు ఆయిలు మార్చి రెండేండ్లు దాటినదా? చూచి చెప్పుడు.