శివారు రేవు

కృష్ణా పశ్చిమ డెల్టాలో పొలం బేరం చేసేవాళ్లు ముందు అడిగేది ఒకటే: కాలువకి ఎగువనా, శివారా? శివారు పొలానికి నీరు ఆఖరున అందుతుంది, వంతు తప్పితే అసలే అందదు. సీతానగరం దగ్గర కృష్ణ నుంచి చీలిన కాలువని పట్టుకుని దక్షిణంగా పోతే, ఆ శివారు నిజాంపట్నంలో ఉప్పునీటిని తాకుతుంది. నాలుగు వందల ఏళ్ల కిందట ఈ లెక్క తిరగబడి ఉండేది. పై దేశాల సరుకూ, డబ్బూ ముందు దిగేది అక్కడే. లోపలి ఊళ్లే అప్పటి శివారు.

కాలువది అంత పాత కథేమీ కాదు. 1832-33 డొక్కల కరువు గుంటూరు సీమని ఊడ్చేశాక గానీ కృష్ణకి ఆనకట్ట కట్టాలన్న ఆలోచన గట్టిపడలేదు. కెప్టెన్ ఆర్ చేతిమీదుగా 1852లో మొదలైన పని 1855కి పూర్తయింది. 1957లో దాని పక్కనే ప్రకాశం బ్యారేజి వచ్చింది.

ఆ కాలువ దారిలోని దుగ్గిరాలలో పసుపు యార్డు ఎంత పేరున్నదో, కాలువల కూడలి కూడా అంత ముఖ్యమైనది. ఇక్కడినుంచి కొమ్మమూరు కాలువ బాపట్ల వైపు సాగి, పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువలో కలుస్తుంది. పడవలు తిరిగిన రోజుల్లో ఇక్కడ ఎక్కించిన సరుకు సముద్రం మొహం చూడకుండానే చెన్నపట్నం చేరేది. రేవుల అవసరాన్ని తగ్గించింది కాలువలే.

తెనాలి మధ్యనుంచి మూడు కాలువలు పోతాయి: తూర్పు కాలువ, పడమటి కాలువ, నిజాంపట్నం కాలువ. మాగాణి పంట తీరికనిచ్చింది, ఆ తీరికలోనే నాటకాలూ పత్రికలూ పుట్టాయి. కొడవటిగంటి కుటుంబరావు, చక్రపాణి ఈ ఊరి గాలి పీల్చినవాళ్లే. కాలువ లేకపోతే ‘ఆంధ్రా ప్యారిస్’ లేదు.

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు వేమూరు దాటాక భట్టిప్రోలులో ఆగుతుంది. 1892లో అలెగ్జాండర్ రీ ఇక్కడి స్తూపాన్ని తవ్వితే, బుద్ధుడి ధాతువులని భద్రపరిచిన రాతి పేటికలు బయటపడ్డాయి. వాటిమీద క్రీస్తుకి పూర్వపు బ్రాహ్మీ లిపిలో కుబీరక రాజు పేరుతోపాటు నిగమ సభ్యుల పేర్లూ ఉన్నాయి. నిగమమంటే వర్తకుల సంఘం. ఆనకట్టకి రెండు వేల ఏళ్ల ముందే ఈ నేలమీద స్తూపానికి దానమిచ్చే స్తోమతున్న వ్యాపారులు ఉన్నారు.

రేపల్లె దాటాక నేల రంగు మారుతుంది. తూర్పున పెనుమూడి దగ్గర కృష్ణ, అవతలి గట్టున దివిసీమ. దక్షిణంగా వరి పలచబడి రొయ్యల చెరువులు మొదలవుతాయి. పోటు వేళ మురుగు కాలువల్లోకి ఉప్పునీరు ఎగదన్నుతుంది. ఆపైన మడ అడవులు, క్రీకులు, నిజాంపట్నం హార్బరు.

బాపట్ల దగ్గరి సూర్యలంకలో ఉన్నట్టు ఇక్కడ విశాలమైన ఇసుక తీరం కనపడదు. నిజాంపట్నం ఒడ్డంతా ఒండ్రు, మడ చెట్ల వేళ్లు. పెద్ద ఓడలు దూరంగా లంగరు వేస్తే, చిన్న పడవలు సరుకు చేరవేసేవి. యూరోపియన్లు ఈ రేవుని పెటపోలి అని రాసుకున్నారు. 1606లో డచ్చివాళ్లు గోల్కొండ సుల్తాను అనుమతితో మచిలీపట్నంతోపాటు ఇక్కడా కోఠీ తెరిచారు. 1611 ఆగస్టులో కెప్టెన్ హిప్పన్ నడిపిన ‘గ్లోబ్’ ఓడలో ఇంగ్లీషువాళ్లు వచ్చారు. తూర్పు తీరంలో వాళ్ల వ్యాపారం మొదలైంది ఈ రేవులోనే. అప్పటికి మద్రాసు కోట పుట్టడానికి ఇంకా ఇరవయ్యెనిమిదేళ్లుంది.

వాళ్లని రప్పించింది మన అద్దకం. ఇసుక నేలల్లో లోతుగా దిగే చిరివేరు నుంచి వచ్చే ఎరుపు, ఉతికినకొద్దీ మెరుగయ్యే రంగు. పెటపోలి ప్రాంతపు చిరివేరు మేలురకమని ఆనాటి వర్తకులు రాశారు. ఆ అద్దకపు బట్టలిచ్చి తూర్పు దీవుల్లో మిరియాలూ లవంగాలూ కొనేవారు. అంటే యూరప్ వంటింటి మసాలాకి పెట్టుబడి ఈ ఒడ్డున తయారైంది. ఇంగ్లీషు కోఠీ 1687లో మూతపడింది. 1868లో జర్మన్ రసాయనవేత్తలు అదే రకం ఎరుపుని ప్రయోగశాలలో తయారుచేశాక చిరివేరుకీ గిరాకీ పోయింది. ఈలోగా ఆనకట్ట వచ్చి, సీమంతా వరివైపు తిరిగింది. రేవు శివారైంది.

సముద్రం మాత్రం వదలలేదు. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమనే కాదు, ఈ గట్టునీ ముంచింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలల జోరుని మొదట కాచుకునేది మడ అడవి. దాన్ని నరికి చెరువులు తవ్విన చోట ఆ కాపు కూడా పోయినట్టే.

నీటి విషయంలో శివారు కావడం భూగోళం పెట్టిన వరస, దాన్ని మార్చలేం. చరిత్రలో శివారుగా నెట్టింది మాత్రం మనమే. పాఠ్యపుస్తకాల్లో మచిలీపట్నానికి దక్కిన వాక్యం పక్కన నిజాంపట్నానికీ ఒకటి దక్కాలి. సూర్యలంక చూడబోయేవాళ్లు ఒక పూట ఇటూ రండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, బోట్లు కదలవు. మిగతా కాలంలో వస్తే రేవు ఇంకా పనిలోనే ఉందని తెలుస్తుంది.