శేషం

ప్రబంధాల నడుమ జీవితం గడిపిన నేను యాభయ్యవ పడిలో సి భాష నేర్వబూనాను. 1970వ దశకం తొలినాళ్లలో బెల్ లాబ్స్‌లో డెనిస్ రిచీ రూపొందించిన భాష అది. అందులో ప్రతి విలువకూ ముందుగా జాతి నిర్ణయించాలి: పూర్ణాంకానికి ‘ఇంట్’, దశాంశానికి ‘ఫ్లోట్’, అక్షరానికి ‘చార్’. గురులఘువులు ఎరిగినవాడికి ఇదేమంత కష్టమనుకున్నాను.

విద్యార్థి పేరు, సంఖ్య, మార్కులు ఒకచోట కూర్చే ‘స్ట్రక్చర్’ నిర్మించి, మూడు పరీక్షల సగటు కట్టాను. ఒక బాలుడి మొత్తం 104. సగటు 34.000000 అని వచ్చింది. ఉత్తీర్ణతకు 35 కావాలి. అతడు మారుమాటాడక వెళ్లిపోయాడు. ఆ రాత్రి కాగితం మీద భాగించి చూస్తే 34.66 పైచిలుకు! అరకు మించిన భిన్నాన్ని ఒకటిగా గ్రహించడం మా ఆనవాయితీ.

సగటును ‘ఫ్లోట్’గానే ప్రకటించానే! మరునాడు కంప్యూటర్ అధ్యాపకుణ్ణి అడిగాను. ఆయన నవ్వలేదు. “భాజ్యం, భాజకం రెండూ పూర్ణాంకాలే కదా మాస్టారూ! భిన్నం అక్కడే రాలిపోతుంది. ఆపైన ఎంత పెద్ద పాత్రలో పోసినా తిరిగి రాదు” అన్నారు. 3ను 3.0గా దిద్దగానే సరిపోయింది. ఒక్క చుక్క! అరసున్నల కోసం గంటల తరబడి వాదించిన నాకు అది తోచలేదు.

తరగతిలో అందరి ఎదుటా ఆ బాలుణ్ణి పిలిచి, పొరపాటు నాదని చెప్పి, 35 వేశాను.