బిడ్డ మనసు విప్పే చోటు

కౌన్సెలర్ అనే మాట మన పల్లెల్లో చెబితే ముందుగా గుర్తొచ్చేది మున్సిపాలిటీ వార్డు కౌన్సిలరు. ఆ తరువాత ఇంజనీరింగు సీట్ల కౌన్సెలింగు. బడిలో పిల్లల కష్టసుఖాలు వినడానికే ఒక మనిషి ఉంటారని, వారినీ కౌన్సెలర్ అంటారని మాకు తెలిసింది 2016లో, మా పెద్దమ్మాయిని తొమ్మిదో తరగతిలో పట్నంలోని హాస్టలు బడిలో చేర్చిన తరువాతే. ప్రియమైన తల్లిదండ్రులారా, మీ పిల్లలు కూడా ఇలాంటి బడులలో చదువుతూ ఉంటారు గనుక, ఆ మనిషి చేసే పని ఏమిటో మేము చూసినంత వరకు మీతో చెప్పుకుంటున్నాం. ఇది రాయడానికి మా అమ్మాయి ఒప్పుకుంది.

మాది పల్నాడు వైపు మిర్చి పండించే ఊరు. ఎనిమిదో తరగతి దాకా అమ్మాయి ఊరి బడిలో తెలుగు మీడియంలో చదివింది. లెక్కల్లో ఎప్పుడూ ముందుండేది. పట్నం బడిలో మొదటి పరీక్షలకే లెక్కల్లో 100కి 24 వచ్చాయి. తరగతిలో బల్ల మీద తల వాల్చి పడుకుంటోందని, అడిగితే బదులు చెప్పదని టీచర్లు అన్నారు. కౌన్సెలర్ దగ్గరకు పంపుతున్నామని బడి నుండి ఫోను వచ్చింది.

ఊళ్లో ఈ మాట దాగుతుందా? "ఏం వదినా, పిల్లకు మతి బాగోలేదా?" అని పక్కింటావిడ అడిగింది. ఈ సంగతి పెళ్లిచూపుల దాకా పోతుంది, పిల్లను ఇంటికి తెచ్చేసుకోండి అని బంధువులు హితవు చెప్పారు. ఇంచుమించు ఇవే మాటలు మీ ఊళ్లోనూ వినబడతాయి. మేము పిల్లను తేలేదు.

ఆ కౌన్సెలరమ్మ వారానికి రెండు రోజులు వచ్చేది. మొదటి మూడుసార్లూ మార్కుల ఊసే ఎత్తలేదట. ఏం తిన్నావు, రాత్రి ఎన్నింటికి నిద్ర పట్టింది, రోజుకు ఎన్ని గ్లాసులు మంచినీళ్లు తాగుతావు, ఇవే ప్రశ్నలు. ఆ నీళ్ల ప్రశ్న దగ్గర అసలు సంగతి బయటపడింది. పగటి పూట ఆడపిల్లలు వాడే మరుగుదొడ్డి తలుపుకు గడియ విరిగిపోయి ఉంది. అక్కడకు వెళ్లవలసి వస్తుందని మా అమ్మాయి పొద్దున లేచింది మొదలు సాయంత్రం వరకు నీళ్లు ముట్టేది కాదు. మధ్యాహ్నానికి తలనొప్పి. బల్ల మీద తల వాల్చేది అందుకు. టీచర్ల కంటికి అది బద్ధకంలా కనిపించింది. తండ్రికి గాని మగ టీచరుకు గాని చెప్పుకునే మాట కాదు అది, వార్డెన్ ఫోనులో తల్లికి చెప్పడానికీ వీలు లేదు. కౌన్సెలరమ్మ ఏ పిల్ల చెప్పిందో చెప్పకుండా ప్రధానోపాధ్యాయురాలితో మాట్లాడింది. రెండు రోజుల్లో కొత్త గడియ పడింది.

రెండోది భాష. లంబకోణ త్రిభుజంలో కర్ణం అంటే మా అమ్మాయికి కంఠోపాఠం. కాని బోర్డు మీద హైపోటెన్యూస్ అని రాస్తే అది కర్ణమేనని ఎవరూ చెప్పలేదు. అడిగితే నవ్వుతారని భయం. కౌన్సెలరమ్మ లెక్కల టీచరు కాదు, లెక్కలు చెప్పనూ లేదు. కొన్ని వారాల పాటు బోర్డు మీద రెండు మాటలూ పక్కపక్కన రాయమని లెక్కల మాస్టారిని బతిమాలింది. తెలుగు మీడియం నుండే వచ్చి పదో తరగతికి చేరిన ఒక పిల్లను సాయంత్రాలు మా అమ్మాయితో కూర్చోబెట్టింది. సంక్రాంతి సెలవులకు వచ్చేసరికి పిల్ల కాస్త తేరుకుంది.

మూడోది చెప్పడం మాకు కష్టం.

2017లో మిర్చి ధర ఎలా పడిపోయిందో ఆ పంట వేసినవారు మరిచిపోరు. ఆ ఏడు ఫీజు రెండో విడత ఆలస్యమైంది. కట్టని పిల్లల పేర్లు తరగతిలో చదివారట. ఆ వారమే మా అమ్మాయి కౌన్సెలరమ్మతో, "నేను లేకపోతే నాన్నకు ఈ అప్పు ఉండేది కాదు" అన్నది. ఆమె ఆ మాటను తేలికగా వదిలిపెట్టలేదు. చనిపోవాలని అనిపిస్తోందా అని సూటిగానే అడిగింది. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందని మనవాళ్లు భయపడతారు. కాదని వైద్యులు చెబుతారు. అడిగినందువల్లనే మా బిడ్డ నోరు విప్పి ఏడ్చింది.

మొదటి రోజే కౌన్సెలరమ్మ పిల్లకు ఒక మాట చెప్పి ఉంచింది. "నువ్వు చెప్పేది ఈ గది దాటదు. కాని నీ ప్రాణానికి అపాయం ఉందనిపించినా, ఎవరైనా నిన్ను బాధపెడుతున్నా, ఆ ఒక్కటి మాత్రం నేను దాచను." అందుచేత ఆ రోజు, "ఇది మీ అమ్మానాన్నలకు చెప్పాలి, ఇద్దరం కలిసి చెబుదామా?" అని అడిగి, పిల్ల ఎదుటే మాకు ఫోను చేసింది. మేము వెళ్లేదాకా పిల్లను ఒంటరిగా విడువలేదు. ఆ రాత్రి వార్డెన్ పక్కనే పడుకుంది.

మేము తెల్లవారుజాము బస్సుకు వెళ్లాం. లోపలికి పిలిచే ముందు ఆమె మాకు రెండు సంగతులు చెప్పింది. కోప్పడవద్దు, ఒట్టు వేయించుకోవద్దు. అప్పు సంగతి దాచకుండా లెక్కతో సహా పిల్లకు చెప్పండి. పిల్లలతో అప్పుల మాట ఏమిటని మాకు వింతగా తోచింది. అయినా చెప్పాం. మొత్తం 1,20,000 రూపాయలు. అందులో కౌలు, విత్తనాలు, పురుగుమందులు, కూలీలు పోను ఫీజు కోసం చేసింది 15,000. మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. ఆ అప్పంతా తన చదువు వల్లనే అనుకున్నదట ఇంతకాలం! తీర్చేది ఎలాగో కూడా అక్కడే కాగితం మీద రాసి చూపించాం. కౌన్సెలరమ్మ ఫీజు విడతల గురించి బడి యాజమాన్యంతో మాట్లాడింది, పిల్లను ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యునికి చూపించమని చీటీ రాసిచ్చింది. తన పని ఎక్కడ ఆగాలో ఆమెకు తెలుసు. మా సంఘ కాపరి ఆ ఆదివారం మాతో ప్రార్థన చేశారు, సోమవారం ఆసుపత్రికి బస్సు ఎక్కించినదీ ఆయనే.

అందరి పిల్లలకూ ఇలాంటి మనిషి దొరకరు. 2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. పరీక్ష తప్పినందుకు పోయిన ప్రాణాలు 2,248. తెలంగాణలో 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు 20 మందికి పైగా పిల్లలు చనిపోయారు. ఆ ఫలితాల్లోనే, తెలుగులో 99 రావలసిన ఒక అమ్మాయికి సున్నా వేసి, తరువాత దిద్దారు. కాగితం మీద అంకె తప్పయితే దిద్దుకోవచ్చు.

విశాఖపట్నంలో 2023లో నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ల అమ్మాయి మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు చెప్పింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత గల కౌన్సెలర్ గాని, మనస్తత్వ నిపుణుడు గాని, సోషల్ వర్కర్ గాని కనీసం ఒకరు ఉండాలన్నది. అంతకంటే చిన్న బడులు బయటి నిపుణులతో సంబంధం పెట్టుకోవాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. మార్కులను బట్టి పిల్లలను వేరు వేరు బ్యాచీలు చేయడం, నలుగురిలో సిగ్గుపరచడం కోచింగు కేంద్రాలు మానాలి. ప్రత్యేక చట్టం వచ్చేదాకా ఇవి పాటించవలసిన ఆదేశాలు. బడిలో చేర్చేటప్పుడు ఫీజెంత, బస్సుందా అని అడుగుతాం కదా, కౌన్సెలర్ ఎవరు, ఏయే రోజుల్లో ఉంటారు అని కూడా అడగవచ్చు.

ఎవరూ లేని ఊళ్లో ఫోను ఉంది. 14416కు చేస్తే టెలి మానస్ వారు పలుకుతారు. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టింది, పగలూ రాత్రీ ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. పిల్లలను ఎవరైనా కొట్టినా, హింసించినా, పనిలో పెట్టినా 1098. మా సంఘంలో ఈ రెండు నంబర్లూ పెద్ద అక్షరాలతో రాసి, సండే స్కూలు పిల్లలకు అందే ఎత్తులో గోడకు అంటించారు. పెద్దల కంటి ఎత్తులో అంటిస్తే ఏం లాభం?

అమ్మాయి 2018లో పదో తరగతి పాసయింది. లెక్కల్లో మార్కులు గొప్పవేమీ కావు. తరువాత నర్సింగు చదివి, ఇప్పుడు గుంటూరులో ఉద్యోగం చేస్తోంది. మిర్చి అప్పు తీరడానికి మూడేళ్లు పట్టింది.

మా చిన్నవాడు ఇప్పుడు అదే బడిలో పదో తరగతి. బడిలో 600 మంది పిల్లలు, కౌన్సెలర్ మాత్రం ఇప్పటికీ వారానికి రెండు రోజులే. కిందటి తల్లిదండ్రుల సమావేశంలో తీర్పు సంగతి చెప్పి, రోజూ ఉండే మనిషిని పెట్టమని మేమూ, మరో 11 కుటుంబాలూ అర్జీ ఇచ్చాం. చూద్దామన్నారు. వచ్చే సమావేశానికి ఇంకో కాపీ రాసి ఉంచాం, సంతకాలు పెట్టించడానికి ఇల్లిల్లూ తిరుగుతున్నాం.