కిటికీ వైపే చూసే బుజ్జిగాడు

మా చెల్లికి పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి బాబు పుట్టాడు. అమ్మ లేదు కాబట్టి పురుడు మా ఇంట్లోనే, చిక్కడపల్లిలో. కిటికీ తెరిస్తే క్రాస్ రోడ్స్ బస్సుల హారన్లు, మూస్తే ఉక్క. అయినా ఇల్లంతా పండగే. మా అత్తయ్య తన పాత నేతచీర చింపి వాడికి ఆవాల దిండు కుట్టారు. తల గుండ్రంగా రావాలంటే అది ఉండాల్సిందేనట.

నెల దాటాక ఒకరోజు చెల్లి అంది, "అక్కా, వీడు ఎప్పుడూ కుడివైపే చూస్తున్నాడే. ఎడమవైపు తిప్పితే ఏడుస్తున్నాడు."

"కిటికీ అటే ఉంది కదే, వెలుతురు చూస్తున్నాడు" అన్నాను. ఇద్దరు పిల్లల్ని పెంచానన్న ధీమా నాది. ఒక పక్క పాలు పట్టబోతే గింజుకుంటున్నాడంది. "నీకు పట్టుకోవడం చేతకావట్లేదు" అనేశాను. ఆ మాట ఇప్పటికీ నన్ను గుచ్చుతూనే ఉంటుంది.

ఆరు వారాల టీకాకి వెళ్ళినప్పుడు డాక్టరుగారిని అడుగుదామంది. వెనక బోలెడంతమంది ఉన్నారు, ఇంత చిన్న విషయానికా అని నేనే చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. తర్వాత ఒకరోజు నూనె రాస్తుంటే నా అరచేతికే తెలిసింది. తల వెనక కుడివైపు పలకలా చదునుగా ఉంది. పైనుంచి చూస్తే కుడి చెవి కాస్త ముందుకి జరిగినట్టుంది. గుండె జారిపోయింది.

పది వారాల టీకాకి వెళ్ళినప్పుడు చెల్లి నా వైపు చూడకుండా అంతా తనే చెప్పేసింది.

డాక్టరుగారు వాడి మెడ నెమ్మదిగా అటూ ఇటూ తిప్పి చూశారు. చెవి వెనక నుంచి ఛాతీ పై ఎముక దాకా వచ్చే కండరం ఎడమవైపు బిగిసిపోయిందన్నారు. అందుకే తల ఎడమకి వాలి, గడ్డం కుడికి తిరుగుతోందట. దాన్ని టార్టికోలిస్ అంటారట. ఎప్పుడూ ఒకే పక్కకి తిరిగి పడుకోవడంతో మెత్తటి పుర్రె అక్కడ చదునైంది. పుర్రె అతుకులు ముందే మూసుకుపోవడం వేరే జబ్బు కాబట్టి అదేమన్నా ఉందేమోనని తల తడిమి చూశారు. ఇలాంటి పిల్లల్లో కొందరికి తుంటి కీలులో కూడా తేడా ఉంటుందని కాళ్ళు కూడా పరీక్షించారు. అదృష్టం, రెండూ లేవు.

"చాలాసార్లు కడుపులో పడుకున్న తీరువల్లే వస్తుందమ్మా, మీ తప్పేం లేదు" అన్నారు చెల్లితో. అది కళ్ళు తుడుచుకుంది. నేను తల దించుకున్నాను.

హెల్మెట్ పెట్టాలా అని అడిగాను. తల ఆకారం బాగా దెబ్బతిన్నవాళ్ళకే, అదీ పుర్రె త్వరగా పెరిగే మొదటి ఏడాదిలోనే అన్నారు. మూడు నెలల లోపే మొదలుపెడితే చాలామందికి వ్యాయామాలతోనే సరిపోతుందట. ఆలస్యమయ్యేకొద్దీ నెలలు ఎక్కువ పడతాయట.

నారాయణగూడలో ఫిజియోథెరపీ అమ్మాయి మాకు నేర్పించింది. డైపర్ మార్చినప్పుడల్లా కాసేపు మెడ సాగదీయడం, గిలక్కాయ ఎడమవైపు నుంచే ఆడించడం, మంచం మీద తల వైపు కాళ్ళు, కాళ్ళ వైపు తల మార్చి పడుకోబెట్టడం. అలా మార్చగానే కిటికీ వాడికి ఎడమవైపుకి వచ్చింది! (మెడ వ్యాయామాలు మాత్రం దగ్గరుండి చూపించుకుని నేర్చుకోవాలి, నేను రాసింది చదివి చేయకండి.)

ఆవాల దిండు తీసేయమంది. నిద్రలో ముక్కుకి అడ్డం పడితే ప్రమాదమట. 2022లో అమెరికా ఎఫ్‌డీఏ కూడా తల ఆకారం కోసం అమ్మే దిండ్లు వాడొద్దని హెచ్చరించింది. అత్తయ్య ముఖం చిన్నబోయింది.

"మరి బోర్లా పడుకోబెడితే తల చదునవ్వదుగా?" అన్నాను. నిద్రలో వద్దే వద్దంది. అమెరికాలో 1992 నుంచి వెల్లకిలా పడుకోబెట్టమని చెప్పడం మొదలుపెట్టాక, నిద్రలో హఠాత్తుగా చనిపోయే పసిపిల్లల సంఖ్య దాదాపు సగానికి తగ్గిందట. తలలు చదునవడం మాత్రం పెరిగింది. అందుకే మెలకువగా ఉన్నప్పుడు, మనం పక్కనే ఉండి, రోజూ కాసేపు బోర్లా వేయాలట.

"కాళ్ళ మీద బోర్లా వేసుకుని లాల పోస్తారే, అలాగా?" అన్నారు అత్తయ్య.

"అదేనండీ! అది మాత్రం మానకండి" అంది ఆ అమ్మాయి. అత్తయ్య ముఖం వెలిగిపోయింది. ఇంటికి రాగానే దిండు కుట్లు విప్పి, ఆవాలు చేటలో పోసి, "పోపుకి పనికొస్తాయిలే అమ్మాయ్" అన్నారు.

నాలుగో నెల దాటాక వాడు ఎడమవైపుకి తిరిగి నన్ను చూసి నవ్వాడు. అయిదో నెలలో బోర్లా పడ్డాడు. ఆనవాయితీ ప్రకారం అత్తయ్య బొబ్బట్లు చేశారు. మొదటి డబ్బా నారాయణగూడకే వెళ్ళింది. తల ఇంకా పూర్తిగా గుండ్రంగా రాలేదు కానీ నెలనెలా తేడా తెలుస్తోంది.

ఆ రాత్రి గిన్నెలు సర్దుతూ చెల్లితో అన్నాను, "ఆరు వారాలప్పుడే నీ మాట వినాల్సిందే."

"పోనీలే అక్కా, నాలుగు వారాలేగా" అంది.

ఆ నాలుగు వారాలు వాడు అన్నిటికన్నా వేగంగా పెరిగే రోజుల్లోవి. మీ ఇంట్లో బాలింత "వీడు ఒకవైపే చూస్తున్నాడు" అంటే, నాలాగా కిటికీ మీదికి నెట్టేయకండి. టీకాకి వెళ్ళినప్పుడు ఆ ఒక్క ప్రశ్న అడగనివ్వండి.