పైకి తెల్లగానే ఉన్న పాలు



మందిరం వెనక పాకలో మేము ఒక జెర్సీ క్రాస్ ఆవును పెంచుకుంటున్న సంగతి మీకు తెలుసు. పోయిన వానాకాలంలో మా ఇంట్లో తోడువేసిన పెరుగు సరిగా తోడుకోవడం మానేసింది. పాలలో కాస్త ఉప్పదనం తగిలింది. పాలకేంద్రంలో రీడింగూ పడిపోయింది. ఆవు మాత్రం మేత బాగానే తింటోంది. పొదుగు వాపు లేదు, పాలు తెల్లగానే ఉన్నాయి. మేపు చాలలేదనుకుని తవుడు పెంచాము.

పశువుల డాక్టరు గారు వచ్చి, నాలుగు గుంటల పళ్లెంలోకి ఒక్కో చన్ను పాలు విడిగా పితికి, ఊదారంగు మందు కలిపి తిప్పారు. మూడు గుంటల్లో పాలు పల్చగానే ఉన్నాయి. వెనక కుడి చన్ను పాలు జిగురులా చిక్కబడ్డాయి. పైకి కనబడని పొదుగువాపు అన్నారు. చన్ను రంధ్రం గుండా క్రిములు లోపలికి పోతే, వాటితో పోరాడడానికి తెల్ల రక్తకణాలు పాలలోకి దిగుతాయి. మంచి పొదుగులో ఈ కణాలు మిల్లీలీటరుకు 2 లక్షల లోపే ఉంటాయి, జబ్బులో ఎన్నో రెట్లు పెరుగుతాయి. పాలచక్కెర, కేసీన్ అనే మాంసకృత్తి తగ్గి, రక్తంలోని ఉప్పు పాలలో చేరుతుంది. ఆ రుచికీ, ఆ పెరుగుకీ కారణం అదే.

చన్నులోకి యాంటీబయాటిక్ ఎక్కించి, మందు పెట్టె మీద రాసిన గడువు తీరేదాకా నాలుగు చన్నుల పాలూ కేంద్రానికి పోయవద్దన్నారు.

అది అమ్మాయి హాస్టలు ఫీజు కట్టవలసిన వారం. రెండో రోజు ఉదయం, మూడు చన్నులు మంచివే కదా అని మేమిద్దరం మాట్లాడుకునే పోసివచ్చాము. మందు ఒక్క చన్నుకే ఎక్కించినా రక్తంలో కలిసి మిగతావాటికీ చేరగలదని డాక్టరు గారు చెప్పే ఉన్నారు. ఆ క్యానులో మీ ఇళ్ల పాలు కూడా ఉన్నాయి. ఇంటికి వచ్చి మోకరిస్తే ప్రార్థన రాలేదు. వెంటనే కేంద్రానికి వెళ్లి ఉన్న సంగతి చెప్పాము. క్యాను అప్పటికే వెళ్లిపోయింది. ఆ పూట డబ్బు వద్దన్నాము గానీ, పోసిన పాలను వెనక్కి తేలేకపోయాము. ఈ మాట ఇన్నాళ్లూ మీకు చెప్పలేదు. మమ్మును క్షమించండి.

ఆకాను తన డేరాలో దాచినది ఇశ్రాయేలు జనమంతటికీ తగిలింది. ఇంటిలో దాచుకున్న తప్పు ఇంటిలోనే ఉండిపోదు. పరీక్షించుమని ప్రభువును అడగడమంటే, ఆ పళ్లెం కింద మన పాలు పెట్టడమే.

పశువులున్నవారికి ఒక మాట. పొదుగు కడిగి, తుడిచి పితకండి. మొదటి ధారలు నల్లని గిన్నెలో చూసి పారబోయండి. పితికాక చన్నులను అయోడిన్ మందులో ముంచండి. అప్పుడు మేత వేస్తే, రంధ్రం మూసుకునేదాకా ఆవు పడుకోకుండా నిలబడుతుంది. జబ్బు ఆవును చివరన పితకండి.

మన చేతులను, మన హృదయములను ప్రభువు శుద్ధిచేయును గాక. ఆమేన్.