గలిలయ తీరాన ఒక రోజు

గలిలయ సముద్రం పేరు వినని క్రైస్తవ కుటుంబం మా జమ్మలమడుగు వైపు ఉండదు. 19వ శతాబ్దంలో లండన్ మిషన్ వారు మా ప్రాంతానికి వచ్చి బళ్లు పెట్టారు; జమ్మలమడుగులో ఆసుపత్రి కట్టారు. కాంప్‌బెల్ ఆసుపత్రి అంటే ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు. మా అమ్మ అక్కడే పుట్టింది. డెబ్భై నాలుగేళ్లు నిండాక ఒకనాడు, "నేను పొయ్యేలోగా ఆ సముద్రం ఒక్కసారి చూపించు నాయనా" అన్నది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జెరూసలేము యాత్రికులకు ఇచ్చే సాయాన్ని 2019లో, ఏడాదికి మూడు లక్షల లోపు ఆదాయం ఉన్నవారికి, 40 వేల నుంచి 60 వేల రూపాయలకు పెంచింది. మా బంధువులు కొందరు అలా వెళ్లి వచ్చినవారే. నాకు పంతులుద్యోగం ఉన్నది గనుక సొంత డబ్బుతోనే 2023 ఫిబ్రవరిలో అమ్మను తీసుకొని బయలుదేరాను. మా బృందంలో ముప్ఫై ఎనిమిది మందిమి. పెద్దగా ఒక పాస్టరు అయ్యగారు.

మా ఊరి సంగతి కూడా ఒక మాట చెప్పాలి. అది కొండాపురం మండలంలో, పెన్నకు దగ్గర. గండికోట జలాశయం 26.85 టి.ఎం.సి.ల నీరు పట్టేది. 2020లో అందులో నీటిమట్టం పెరిగినప్పుడు ఖాళీ అయిన ఊళ్లలో మాదీ ఒకటి. ఆంజనేయస్వామి గుడి, పీర్ల చావిడి, మా చిన్న చర్చి అన్నీ నీళ్ల కిందికి పోయినాయి. అమ్మ ఆనాడు ఏడవలేదు. ఏడవకపోవడమే నాకు బెంగ పట్టించింది.

తిబెరియ పట్టణంలో బస చేసి, ఉదయం ఏడు గంటలకు బస్సెక్కాము. దారి చూపే ఆయన నజరేతువాసి, అరబ్బు క్రైస్తవుడు. తెలుగు యాత్రికులతో తిరిగి తిరిగి "రండి, రండి", "త్వరగా అమ్మా" అనడం నేర్చుకున్నాడు. మిగతాదంతా ఇంగ్లీషు, అయ్యగారు తెలుగులో చెప్పేవారు.

పేరుకు సముద్రమే గాని అది మంచినీటి సరస్సు. పొడవు 21 కిలోమీటర్లు, వెడల్పు 13. సముద్రమట్టానికి సుమారు 210 మీటర్లు దిగువన ఉన్నది. ప్రపంచంలో ఇంతకన్నా పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు లేదట. అమ్మ కిటికీలోంచి చాలాసేపు చూచి, "మన డ్యాము మాదిరే ఉందిరా" అన్నది. ఇంత దూరం వచ్చి అదా అనవలసిన మాట అని నేను మనసులో విసుక్కున్నాను.

మొదట కొండమీది ప్రసంగం జరిగినదని చెప్పే గుట్ట ఎక్కాము. అక్కడి చర్చి 1930ల చివర కట్టినది. శిల్పి బార్లుజ్జి అనే ఇటలీవాడు. ఎనిమిది ధన్యతలకు గుర్తుగా ఎనిమిది మూలలు పెట్టాడు. లోపల మాట్లాడకూడదు. మా బృందంలోని ఆడవాళ్లు పాట ఎత్తుకోబోయి, చేయి అడ్డం పెట్టిన మనిషిని చూచి, తోటలోకి వచ్చి పాడుకున్నారు.

గుట్ట దిగితే తబ్గా. ఏడు ఊటలు అనే గ్రీకు మాట నలిగి నలిగి ఆ పేరయిందట. ఆ ఊటలు కొంచెం వెచ్చగా, కొంచెం ఉప్పగా ఉంటాయి. ఐదు రొట్టెలు, రెండు చేపల అద్భుతానికి గుర్తుగా ఇక్కడ ఒక చర్చి ఉన్నది. ఇప్పటి కట్టడం 1982 నాటిదే గాని నేలమీద రంగురాళ్లతో అమర్చిన బొమ్మ 5వ శతాబ్దానిది. బుట్టలో నాలుగు రొట్టెలే కనిపిస్తాయి. "ఐదోది?" అని అమ్మ అడిగింది. అయిదోది పూజబల్ల మీద ఉంటుందని పెద్దలు చెబుతారట.

ఒడ్డుకు వచ్చాక అమ్మ చేతిసంచి విప్పి ఒక నాపరాయి ముక్క తీసింది. అరచేతిలో పట్టేంత ఉన్నది. మా చర్చి మెట్టుది! ఊరు వదిలిన రోజున తెచ్చుకొని, ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. "మన గుడి నీళ్లలో ఉంది గదా. దాని రాయి యేసయ్య నడిచిన నీళ్లలో ఉండనీ" అన్నది. ఇంతలో "త్వరగా అమ్మా" అని పిలుపు వచ్చింది. "సరే, సాయంత్రం ఏస్తాలే" అని రాయి మళ్లీ సంచిలో పెట్టుకున్నది.

అక్కడినుంచి కపెర్నహూము దగ్గరే. ఊరంటే ఊరు లేదు. నల్లరాతి గోడలు మోకాలెత్తున మిగిలాయి. మధ్యలో తెల్ల సున్నపురాతి సమాజమందిరం. దాని కింద అంతకు పూర్వపు నల్లరాతి పునాది. కొద్ది దూరంలో పేతురు ఇల్లని చెప్పే గదిమీద, 1990లో ప్రతిష్ఠ చేసిన చర్చి స్తంభాలమీద నిలిచి ఉన్నది. దాని నేలలోని అద్దంలోంచి కిందికి చూస్తే పాత గోడలు కనిపిస్తాయి. జనం వెళ్లిపోయి, ఈ ఊరెక్కడున్నదో కూడా శతాబ్దాలపాటు లోకానికి తెలియలేదు. 1838లో రాబిన్సన్ అనే అమెరికా పండితుడు ఇక్కడి శిథిలాలను చూచాడు. 1894లో ఫ్రాన్సిస్కన్ సన్యాసులు ఈ స్థలం కొన్నారు. మా మార్గదర్శి గోడలమధ్య నడుస్తూ, ఇది వాకిలి, ఇది పొయ్యి, ఇది నూనె గానుగ అని చెబుతుంటే అమ్మ అతని వెంటే తిరిగింది. ఎండ లెక్కచేయలేదు.

మధ్యాహ్నం భోజనంలో పేతురు చేప అని పెట్టారు. తీరా చూస్తే తిలాపియా! అందరం నవ్వుకున్నాము.

తరువాత గినోసారులో ఒక పాత పడవను చూచాము. 1986లో వానలు లేక సరస్సు బాగా వెనక్కు తగ్గింది. అప్పుడు ఇద్దరు అన్నదమ్ములకు బురదలో పడవ అంచు కనిపించింది. ఇరవై ఏడడుగుల పడవ. దాదాపు రెండువేల ఏళ్లనాటిది. పగలూ రాత్రీ తవ్వి, నురుగులాంటి పదార్థంతో చుట్టి, మళ్లీ నీళ్లమీదే తేల్చి ఒడ్డుకు చేర్చారట. ఆరిపోతే చెక్క పొడి అయిపోతుందని ఏళ్ల తరబడి మైనంవంటి ద్రవంలో నానబెట్టారు. 2000 సంవత్సరం నుంచి అద్దాల గదిలో ఉంచారు. పలకలలో పది పన్నెండు రకాల కట్టె ఉన్నది. ఎవరో పేద జాలరి దొరికిన ముక్కతోనల్లా అతుకు వేసుకున్నాడు కాబోలు.

"అంటే నీళ్లే దాచిపెట్టినాయన్న మాట" అన్నది అమ్మ.

చివరగా సరస్సు దక్షిణపు కొసను చుట్టి, యార్ముక్ నది లోయలోని హమత్ గదెర్ వేడి ఊటలకు చేరాము. సువార్తలో పందుల సంగతి వచ్చే గదరేనీయుల దేశం ఇదే. పాత గదర పట్టణం ఎదుట కొండమీద, ఇప్పటి జోర్డాను దేశంలో ఉన్నది. నేల ఇక్కడ లోతుగా బీటలువారి ఉంటుంది. వాననీరు ఆ బీటలలో దిగి, లోపలి వేడికి కాగి, గంధకపు వాసనతో పైకి వస్తుంది. మనవైపు భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున గుంట తవ్వితే వేడినీరు ఊరుతుందని వినలేదూ, అటువంటిదే. రోమనులు ఇక్కడ పెద్ద స్నానశాలలు కట్టారు. 662లో ముఆవియా ఖలీఫా కాలంలో వాటిని బాగుచేయించి వేసిన గ్రీకు శాసనం దొరికింది. శాసనం మొదట సిలువ గుర్తు ఉన్నది! నొప్పి పోగొట్టే నీళ్ల దగ్గర ఎవరి నీళ్లని ఎవరూ అడగలేదు కాబోలు.

కొలనులో దిగాలంటే ఈతబట్టలు వేసుకోవాలి. ఆ మాట అనగానే మా ఆడవాళ్లందరూ ఒక్క అడుగు వెనక్కు వేశారు. అమ్మ మాత్రం గట్టుమీద కూర్చొని, చీర కుచ్చిళ్లు కొంచెం ఎత్తి, కాళ్లు నీళ్లలో పెట్టింది. కాసేపటికి ముఖం తేటపడింది. అప్పుడు ఏడ్చింది. మూడేళ్లుగా రాని ఏడుపు. నేను పక్కన కూర్చున్నాను, ఏమీ అడగలేదు.

తిబెరియ చేరేసరికి పొద్దుగూకింది. "రాయి వేస్తావా?" అన్నాను. అమ్మ సంచిలో చెయ్యి పెట్టి, తడిమి, తీసివేసింది. "ఈడి రాళ్లకు కాపలా ఉంది, టిక్కెట్టు ఉంది, చెప్పేవాళ్లున్నారు. దీనికి ఎవరున్నారు? ఇంటికి పోనీ."

ఆ రాయి ఇప్పుడు మా కొత్త కాలనీ ఇంట్లో కిటికీ దగ్గర ఉన్నది. మొన్న పక్కింటి పిల్లలు అదేమిటని అడిగారు. అమ్మ చాప వేసి కూర్చోబెట్టి, మా పాత ఊరి మొదటి వీధి, మొదటి ఇంటినుంచి చెప్పడం మొదలుపెట్టింది.