భువనగిరి గుట్టల్లో అగ్నిశిఖ

మా ఊరు భువనగిరి అనగానే "ఆ కోట ఉన్న ఊరేనా?" అంటారు అందరూ. త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరుతో వెలసిన ఆ ఏకశిలా కోట చూసి, ఫొటోలు దిగి వెళ్లిపోతారు. వానాకాలంలో ఇటు గుట్టల్లో పూసే పూలతీగను మాత్రం ఎవరూ పట్టించుకోరు.

కిందటేడు శ్రావణంలో అత్తమ్మ, నేను, ఆడపడుచు కొడుకు కలిసి చెలకకు వెళ్లాం. గుట్ట వారన సీతాఫలం పొదల మీద మంటలు లేచినట్టు ఎర్రటి పూలు! వాటి రేకలు పైకి మడుచుకుని ఉంటాయి. మొదట పసుపుపచ్చగా విచ్చి, పోనుపోను ఎర్రబడతాయి. ఈ తీగ పొదను పట్టుకుని పాకే తీరు మరీ విచిత్రం. ఆకు కొసే నులితీగలా చుట్టుకుంటుంది. పూల చుట్టూ సీతాకోకచిలుకలు తిరుగుతున్నాయి.

నేను పూలు చూస్తుండగానే అయిదేళ్ల మా పిల్లాడు తడినేలలోంచి తీగను గడ్డతో సహా పీకేశాడు. "అత్తా, చిలగడదుంప!" అంటూ నోటి దగ్గర పెట్టుకోబోయాడు.

అత్తమ్మ ఒక్క ఉదుటున లాక్కుంది. "వద్దు బిడ్డా! అది నాభి గడ్డ, పానం తీస్తది!" వాడి చేతులు కడిగిందాకా నా గుండెదడ తగ్గలేదు.

అడవినాభి, పొత్తిదుంప, అగ్నిశిఖ - అన్నీ దీని పేర్లే. గడ్డ నాగలిలా వంగి ఉంటుంది కనుక సంస్కృతంలో లాంగలి అన్నారు. తమిళనాడుకు ఇదే రాష్ట్రపుష్పం. దీనిలోని కొల్చిసిన్‌ను డాక్టర్లు కీళ్లవాతానికి కొద్ది మోతాదులో వాడతారు. అదే గడ్డ తింటే కొన్ని గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి, ప్రాణానికే ముప్పు. పొరపాటున ఎవరైనా తింటే ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

కుండీలో పెంచుదామనుకున్న నా ముచ్చట ఆ రోజే పోయింది. పిల్లలు తిరిగే ఇల్లు కదా!

వానలు వెళ్లాక తీగ ఎండిపోతుంది. గడ్డ నేలలో నిద్రపోయి, మళ్లీ తొలకరికి చిగురిస్తుంది. అందుకే పొద కొట్టినా బతుకుతుంది గానీ, ప్లాట్ల కోసం నేలంతా తవ్వి చదును చేస్తే ఇక మొలవదు. మా చెలక పక్కన ఇప్పటికే హద్దురాళ్లు పాతారు.

ఈసారి కోట చూడటానికి వస్తే గుట్టల వైపూ ఓ చూపు వేయండి. పూలను కళ్లారా చూడండి, పీకకండి. పిల్లల చెయ్యి మాత్రం వదలకండి.